పెంకు పురుగుల చుట్టరికాలు

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే రాజేంద్రనగర్‌లో మా బాల్కనీ లైటు కింద సంత మొదలవుతుంది. ఈసారి జూన్‌లో ఒక సాయంత్రం పాత తెల్ల దుప్పటి తీగకు కట్టి, దాని ముందు బల్బు వేలాడదీసి కూర్చున్నాను. రెండు గంటలు గడవకముందే దుప్పటి మీద చోటు లేకుండా పోయింది. గోధుమ రంగువి, బొగ్గు నలుపువి, ఆవగింజంతవి, బొటనవేలంతవి. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి, "ఇన్ని పురుగులేంది బిడ్డా, లైటు బంద్ చెయ్" అంది.

అమ్మను అనడానికేమీ లేదు. తెలుగులో పురుగు అనే మాటే అంత పెద్ద సంచి. బియ్యంలో తిరిగేదీ పురుగే, వంకాయలో దాక్కునేదీ పురుగే. ఊళ్లలో రాత్రిపూట పేరెత్తడానికి జంకి పామును కూడా పురుగే అంటారు. ఆ సంచిలోంచి పెంకు పురుగుల్ని, అంటే ఇంగ్లీషులో బీటిల్స్ అనేవాటిని, మాత్రం విడిగా తీసి లెక్కపెడితే చాలు, తల తిరుగుతుంది. ఇప్పటిదాకా శాస్త్రవేత్తలు పేరు పెట్టి నమోదు చేసిన పెంకు పురుగుల జాతులు సుమారు 4 లక్షలు. ఏనుగు నుంచి వానపాము దాకా పేరున్న జంతుజాతులన్నీ ఒకచోట పోస్తే, దాదాపు నాలుగింట ఒకటి పెంకు పురుగే. ప్రపంచంలో ఉన్న పక్షి జాతులన్నీ కలిపి 11 వేల దగ్గర ఆగిపోతాయి. ఒక్క ముక్కు పురుగుల కుటుంబంలోనే 50 వేలకు పైగా ఉన్నాయి.

ఇన్నింటిని ఎలా విడదీస్తారు, ఎందుకు విడదీయాలి అన్నదే ఈ వ్యాసం. పైకి అది నోరు తిరగని పేర్ల పట్టికలా కనిపిస్తుంది. కానీ పెళ్లిళ్లలో పెద్దవాళ్లు చేసే పని గుర్తు తెచ్చుకోండి. ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, తాతగారి పేరు అడుగుతారు, చివరికి "అయితే నువ్వు నాకు మనవడి వరస" అని తేలుస్తారు. వర్గీకరణ కూడా ఎవరు ఎవరికి ఎంత దగ్గరి చుట్టమో తేల్చే పనే. ఆ వరస తెలిస్తే ఏ పురుగుతో ఎలా మసలుకోవాలో సగం తెలిసిపోతుంది. ఈ మాట నేను మా వంటింట్లోనే నేర్చుకున్నాను. అక్కడికి తర్వాత వద్దాం.

ముందు చుట్టాలు కానివాళ్లను పక్కకు పెట్టాలి. ఆరుద్ర కార్తెలో తడి నేల మీద ఎర్రటి మఖమలు గుండీలా పాకే ఆరుద్ర పురుగు పెంకు పురుగు కాదు. అసలు కీటకమే కాదు. కాళ్లు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. దాని చుట్టరికం సాలీళ్లతో, తేళ్లతో. తుమ్మెద తేనెటీగల వైపుది. చెద పురుగుల్ని ఈ మధ్య కాలంలో ఏకంగా బొద్దింకల క్రమంలో కలిపేశారు. ఆ రెండింటికీ పెంకు పురుగులతో సంబంధం లేదు. ఎక్కువగా పొరబడేది మాత్రం చేలల్లో కనిపించే కంపు నల్లుల దగ్గర. గట్టి వీపు, డాలు ఆకారం, అచ్చం పెంకు పురుగే అనిపిస్తుంది. తిప్పి చూస్తే నోటి బదులు రసం పీల్చే సూది ఉంటుంది. పెంకు పురుగుకు కొరికి నమిలే దవడలుంటాయి. వీపు మీద కూడా తేడా ఉంది. నల్లి రెక్కలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి. పెంకు పురుగు రెక్కలు నడిమధ్యలో కలిసి, తలుపులు మూసినట్టు నిలువుగా గీత కనిపిస్తుంది.

ఆ గీతే అసలు ఆనవాలు. పెంకు పురుగుకు రెండు జతల రెక్కలు. ముందు జత గట్టిపడి పెంకుగా మారింది. ఎగరడానికి పనికొచ్చే పలచని జత దాని కింద మడత పెట్టి ఉంటుంది. ఒక అక్షింతల పురుగును వేలి మీద ఎక్కించుకుని ఓపిగ్గా చూడండి. వేలి కొసకు చేరాక పెంకులు రెండూ విచ్చుకుంటాయి, లోపలి నుంచి ఒళ్లుకంటే పొడవైన రెక్కలు బయటికొస్తాయి. రెండువేల మూడొందల ఏళ్ల కింద అరిస్టాటిల్ వీటికి పెట్టిన గ్రీకు పేరుకు "ఒరలో రెక్కలున్నవి" అని అర్థం. జీవజాతులకు పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ కూడా 1758లో తన పట్టికలో అదే పేరు ఉంచాడు. ఈ క్రమం పేరు నేటికీ కోలియోప్టెరా.

లిన్నేయస్ శిష్యుల్లో ఒకరికి మన నేలతో ముడి ఉంది. యోహాన్ కోనిగ్ అనే వైద్యుడు కోరమాండల్ తీరంలో తిరుగుతూ మొక్కలు, కీటకాలు సేకరించి యూరప్‌కు పంపేవాడు. వాటిలో చాలావాటికి లిన్నేయస్ మరో శిష్యుడు ఫాబ్రిసియస్ పేర్లు పెట్టాడు. కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. మన పురుగుల శాస్త్రీయ నామాల పక్కన ఫాబ్రిసియస్ పేరు కనిపించినప్పుడల్లా నాకు ఆ తీరమే గుర్తొస్తుంది.

ఇక దుప్పటి దగ్గరికి. బడి పుస్తకంలో చదువుకున్న మెట్లు గుర్తున్నాయి కదా: వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. కోలియోప్టెరా క్రమానికీ, కుటుంబాలకూ మధ్య ఇంకో మెట్టుంది. అది ఉపక్రమం. బతికున్న పెంకు పురుగులన్నీ నాలుగు ఉపక్రమాల్లో సర్దుకుంటాయి. వాటిలో రెండు చాలా చిన్నవి. ఆర్కోస్టెమాటాలో సుమారు 40 జాతులు, మిక్సోఫాగాలో సుమారు 100. బాల్కనీలో ఇవి మనకు తగిలే అవకాశం లేదు. మిగతా రెండూ, అడిఫాగా, పాలీఫాగా అన్నవి, రాత్రికి రాత్రే మన గుమ్మం దగ్గర కనిపిస్తాయి.

వాటిని విడదీయాలంటే పురుగును వెల్లకిలా తిప్పాలి. అడిఫాగా అయితే వెనక కాళ్ల మొదళ్లు కదలకుండా ఒంటికి అతుక్కుని, పొట్ట మీది మొదటి పలకను కుడి ఎడమలుగా చీల్చేస్తాయి. పాలీఫాగాలో ఆ పలక చీలదు. ఇంత చిన్న గుర్తు మీద లక్షల జాతుల్ని రెండుగా కోశారా అని నాకు మొదట అపనమ్మకం కలిగింది. తర్వాత డీఎన్ఏ పోల్చి చూసే పద్ధతి వచ్చాక కూడా ఆ గీత దాదాపు అక్కడే నిలబడింది. పాత తరం వాళ్లు సూక్ష్మదర్శిని ముందు కూర్చుని పట్టుకున్న ఆనవాలుకు అంతకంటే గొప్ప మెచ్చుకోలు ఉండదు.

అడిఫాగాలో ఎక్కువ భాగం వేటగాళ్లు. గండిపేట చెరువు అంచున ఎండలో తడి ఇసుక మీద నిలబడితే, అడుగు ముందుకు వేయగానే ఏదో సర్రున దూరం జరుగుతుంది. ఆగుతుంది. మళ్లీ పరుగెడుతుంది. అది పులి పురుగు. ఆ వేగానికి దాని కళ్లు సరిపడా వెలుతురు పట్టలేవు. పరుగులో ఎర కనిపించక మధ్యమధ్యలో ఆగి చూసుకుని మళ్లీ పరుగెడుతుంది. నీటి మీద బొంగరాల్లా గిర్రున తిరిగే చిన్న నల్ల పురుగులు కూడా ఈ వైపువే. వాటి కళ్లు రెండు భాగాలు, పై సగం గాలిలోకి, కింది సగం నీళ్లలోకి చూస్తాయి. నీళ్లలో మునిగి వేటాడే ఈత పురుగు పెంకు కింద గాలి బుడగ దాచుకుని దిగుతుంది. రాళ్ల కింద ఉండే బాంబు పురుగైతే పొట్టలో రెండు గదుల్లో రసాయనాలు విడివిడిగా పెట్టుకుని, ఎవరైనా పట్టుకోబోతే కలిపి, దాదాపు వంద డిగ్రీల వేడితో చిమ్ముతుంది.

మిగిలినదంతా, అంటే పెంకు పురుగుల్లో వందకు 90 వరకు, పాలీఫాగా. ఆ పేరుకు అర్థం "పలురకాలు తినేవి". నిజంగానే ఆకు, వేరు, కలప, పేడ, పుప్పొడి, శవం, బూజు, పిండి, సాటి పురుగులు, వీటిలో దేన్నీ అవి వదిలిపెట్టలేదు. ఇక్కడ కుటుంబాన్ని పట్టించేది ఎక్కువగా మీసాలు. నా దుప్పటి మీద సగానికి పైగా ఉన్న గోధుమ రంగు పురుగుల మీసాల కొసలు విసనకర్ర రేకుల్లా విచ్చుకుంటున్నాయి. అంటే పేడ పురుగుల కుటుంబం. ఈ గోధుమ రంగువి ఆ ఇంట్లోనే ఇంకో శాఖ. తొలివానకు నేలలోంచి లేచి, వేప చెట్టెక్కి రాత్రంతా ఆకు తింటాయి. వీటి పిల్ల పురుగులే పల్లి చేలల్లో వేళ్లు కొరికే వేరు పురుగులు. తొలివాన పడ్డ రాత్రుల్లో చేను పక్కన వేపకొమ్మలు దులిపి వీటిని ఏరి చంపమని వ్యవసాయాధికారులు రైతులకు చెప్పేది ఇందుకే. మీసాలు ఒంటికంటే పొడవుంటే అది కలప తొలిచే కుటుంబం, మామిడి కాండం తొలిచే పురుగు అందులోదే. మూతి ముక్కులా సాగి, దాని మీద మీసాలు మోచేతిలా వంగి ఉంటే ముక్కు పురుగు. వెల్లకిలా పడేస్తే టక్కుమని ఎగిరి పడేది టిక్కు పురుగు. మిణుగురు పురుగు దీనికి దగ్గరి చుట్టమే, నమ్మబుద్ధి కాదు గానీ.

తెలంగాణ పల్లెల్లో పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకునే జీరంగి మరో కుటుంబం. తుమ్మ చెట్ల మీద వానాకాలంలో దొరుకుతుంది. దాని పచ్చదనంలో రంగు పదార్థం లేదు. పెంకులోని అతిపలుచని పొరలు వెలుతురును విరిచి ఆ రంగు చూపిస్తాయి. అందుకే పురుగు చచ్చి వందేళ్లయినా పెంకు వెలవదు. 1903 ఢిల్లీ దర్బారులో వైస్రాయ్ భార్య లేడీ కర్జన్ వేసుకున్న నెమలి గౌనులో ఈకల కన్నుల దగ్గర కుట్టినవి ఇలాంటి పురుగు పెంకులే.

ఇప్పుడు వంటింటికి. పోయినేడాది మా ఇంట్లో బియ్యం, పెసలు, గోధుమపిండి మూడింటికీ ఒకే నెలలో పురుగు పట్టింది. మూడూ పెంకు పురుగులే. మూడింటికీ అమ్మ ఒకటే మందు చెప్పింది, ఎండలో పోయమని. నేను భూతద్దం తెచ్చుకున్నాను.

బియ్యంలోది ముక్కు పురుగు. 1763లో లిన్నేయస్ పేరు పెట్టిన పాత నేస్తం. తల్లి పురుగు తన ముక్కుతో గింజకు చిల్లి పెట్టి, లోపల గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పైకి గింజ బాగానే కనిపిస్తుంది. పిల్ల పురుగు లోపలే తిని, లోపలే ప్యూపాగా మారి, పెద్దదై బయటికొస్తుంది. అందుకే బియ్యం చెరిగి పురుగు తీసేసిన వారానికి మళ్లీ పురుగు తిరుగుతుంది. అవి కొత్తగా వచ్చినవి కావు, గింజల్లో దాగి ఉన్నవే.

పెసల్లోదాన్ని కూడా చాలామంది ముక్కు పురుగే అంటారు. దానికి ముక్కు లేదు. అది గింజ పైనే గుడ్డు అతికిస్తుంది. పుచ్చు పట్టిన పెసల మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయే, అవి గుడ్లు. పిల్ల పురుగు ఆ గుడ్డు కింది నుంచి నేరుగా గింజలోకి తొలుస్తుంది. దీన్ని చాలా కాలం విడి కుటుంబంగా ఉంచారు. తర్వాత చుట్టరికాలు గట్టిగా పరిశీలించి, ఆకు పురుగుల కుటుంబంలో ఒక శాఖగా కలిపారు. పెసల డబ్బాలో ఉండేదానికి ఆకులతో ఏం పని అనిపించవచ్చు. కానీ ఆకు పురుగుల ఇంటి ఆచారం ఒకటుంది. వాటిలో చాలావి ఒక మొక్కనో, దాని దగ్గరి బంధువుల్నో పట్టుకుంటే ఇంకోదాని జోలికి పోవు. ఖాళీ ప్లాట్లలో పెరిగే వయ్యారిభామను తినడానికి మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన చుక్కల పురుగు ఈ కుటుంబందే. ఆ ఆచారం మీద నమ్మకంతోనే దాన్ని ఎంచుకున్నారు. పెసల పురుగుకూ అదే గుణం. చిక్కుడు జాతి గింజలు దాటి రాదు. పక్కనే బియ్యం డబ్బా ఉన్నా అందులో సంసారం పెట్టదు.

చుట్టరికం తెలిస్తే మందు కూడా తెలుస్తుంది. గుడ్డు గింజ పైన ఉంటుంది కాబట్టి పప్పుధాన్యాలకు ఆముదం రాసి పెట్టడం పని చేస్తుంది. నూనె పొర గుడ్డును బతకనివ్వదు. మన నాయనమ్మలు చేసింది అదే. పైగా ఈ తల్లి పురుగు నున్నటి నిండు గింజను వెతుక్కుంటుంది. పెసల్ని పప్పుగా విరగ్గొట్టి పెట్టుకుంటే దాని బెడద బాగా తగ్గుతుంది.

పిండిలోని ఎర్ర పురుగుది మళ్లీ వేరే కుటుంబం. నిండు గింజను పగలగొట్టే శక్తి దానికి లేదు. పిండి, నూకలు, విరిగిన గింజలే దాని తిండి. ఎక్కువైతే ఒంట్లోంచి వదిలే రసాయనాల వల్ల పిండి గులాబీ రంగుకు తిరిగి కంపు కొడుతుంది. కాబట్టి దీనికి జల్లెడ, గాలి చొరని డబ్బా కావాలి. పెంకు పురుగులన్నింటిలో మొదట జన్యుపటం పూర్తిగా చదివింది దీనిదే, 2008లో. ఒకే అలమారలో మూడు కుటుంబాలు, మూడు అలవాట్లు. అన్నింటినీ పురుగు అని ఊరుకుంటే ఈ తేడా ఎక్కడ దొరుకుతుంది?

దగ్గరి చుట్టాల మధ్య కూడా జాగ్రత్త కావాలని మా చిన్నాయన దగ్గర తెలిసింది. ఆయన వికారాబాద్ దగ్గర వంగ వేస్తాడు. అక్షింతల పురుగు కనపడితే చాలు, మందు కొట్టేవాడు. తెలుగులో ఆ ఒక్క పేరు కిందే ఇద్దరున్నారు. మొక్కల రసం పీల్చే పేనుబంకను తినే మిత్రుడిదీ, వంగ ఆకును జల్లెడ చేసే శత్రువుదీ అదే పేరు, అదే కుటుంబం, దాదాపు అదే గుండ్రని ఒళ్లు. ఆకు తినే దాని వీపు మీద సన్నటి నూగు ఉండి మసకగా ఉంటుంది, చాలాసార్లు 28 చుక్కలుంటాయి. పేనుబంకను తినేది అద్దంలా మెరుస్తుంది. పిల్ల పురుగుల్లో తేడా ఇంకా తేలిక. శత్రువు పిల్ల పసుపు రంగులో ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. మిత్రుడి పిల్ల చిన్న నల్ల మొసలిలా ఉంటుంది. చిన్నాయన ఇన్నేళ్లూ ఆ మొసలి పిల్లల్ని చూసే ఎక్కువ భయపడ్డానని చెప్పాడు.

దుప్పటి మీద నేను దూరంగా ఉంచినది ఒక్కటే. చీమంత సన్నగా, నారింజ నలుపు పట్టీలతో, పెంకులు సగం కోటులా పొట్టిగా ఉంటుంది. నైరోబీ ఫ్లై అని టీవీల్లో చెప్పేది దీన్నే. ఇది ఈగ కాదు, పొట్టి పెంకుల కుటుంబానికి చెందిన పెంకు పురుగు. కుట్టదు, కరవదు. మెడ మీద వాలినప్పుడు మనం చేత్తో నలిపేస్తే దాని ఒంట్లోని పెడెరిన్ అనే విషం చర్మానికి అంటి, ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు బొబ్బలు వస్తాయి. ఆ విషం తయారు చేసేది పురుగు కూడా కాదు, దాని ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా. టెన్షన్ పడాల్సిన పని లేదు. ఊది పంపేయాలి, తగిలిన చోట సబ్బుతో కడుక్కోవాలి. ఇదే పురుగు వరి మడిలో పైరును పీల్చే సుడిదోమను తిని రైతుకు మేలు చేస్తుంది.

ఇన్ని రకాలు ఎందుకు పుట్టాయి అన్నదాని మీద ఇంకా వాదన నడుస్తూనే ఉంది. పెంకు రెక్కలు ఒక కారణమని చాలామంది ఒప్పుకుంటారు. రెక్క చిరుగుతుందన్న భయం లేక బెరడు కిందికి, రాళ్ల సందుల్లోకి, పేడలోకి దూరి, మళ్లీ బయటికొచ్చి ఎగరగలవు. పిల్ల పురుగు ఒకచోట, తల్లి పురుగు ఒకచోట బతకడం మరో కారణం. ఒకే జాతి రెండు రకాల తిండి మీద బతుకుతుంది. పూల మొక్కలు విస్తరించినకొద్దీ వాటిని తినే పురుగులూ చీలిపోయాయని 1998లో ఒక పరిశోధన గట్టిగా వాదించింది. ముక్కు పురుగులకు, ఆకు పురుగులకు అది బాగా నప్పుతుంది. కానీ మొక్కల జోలికి పోని పొట్టి పెంకుల కుటుంబంలోనూ 60 వేలకు పైగా జాతులున్నాయి. దానికేం చెప్పాలి? 2015లో శిలాజాలను లెక్కగట్టిన పరిశోధకులు, పెంకు పురుగుల కుటుంబాలు అంతరించడమే చాలా అరుదని తేల్చారు. నాకు ఈ వాదనే బలంగా కనిపిస్తుంది. సుమారు 29 కోట్ల ఏళ్ల కిందటి శిలాజాల్లోనే పెంకు పురుగులున్నాయి. డైనోసార్లు వాటి తర్వాత పుట్టి, వాటి ముందే పోయాయి. చావక నిలబడ్డ వంశం చీలుతూ పోతుంది కదా.

పేరున్నవి 4 లక్షలు సరే, మొత్తం ఎన్ని? టెర్రీ ఎర్విన్ అనే శాస్త్రవేత్త పనామా అడవిలో ఒకే జాతికి చెందిన 19 చెట్లకు పొగమందు పట్టించి, కింద రాలినవి ఏరితే, సుమారు 1,200 జాతుల పెంకు పురుగులు లెక్కతేలాయి. అక్కడి నుంచి హెచ్చవేసుకుంటూ పోయి, ఉష్ణమండల అడవుల్లో కీటకాలు, వాటి బంధుగణం అన్నీ కలిపి 3 కోట్ల జాతులు ఉండొచ్చని 1982లో ప్రకటించాడు. ఒక్కో చెట్టుకు దానికే ప్రత్యేకమైన పురుగులు అన్నేసి ఉంటాయన్న ఊహ మీద ఆ లెక్క నిలబడింది. ఆ ఊహ ఎక్కువైందని తర్వాతివాళ్లు తగ్గించుకుంటూ వచ్చారు. ఇప్పటి అంచనాల్లో పెంకు పురుగులు ఒక్కటే 15 లక్షల దాకా అన్న మాట వినిపిస్తుంది. తగ్గించిన లెక్క ప్రకారం చూసినా, ప్రతి నాలుగింట మూడింటికి ఇంకా పేరు లేదు.

పేరు పెట్టడానికి ఒకరు కూర్చోవాలి. నా దుప్పటి మీది గోధుమ రంగు పురుగులు పైకి ఒకేలా ఉంటాయి. వాటిలో జాతిని తేల్చాలంటే మగ పురుగు జననాంగం బయటికి తీసి, దాని ఆకారం పోల్చాలి. ఏళ్ల తరబడి చూసిన కన్ను కావాలి. మ్యూజియంలలో ప్రతి పెంకు పురుగునూ కుడి పెంకు మీదుగానే సూది గుచ్చుతారు. ఎడమవైపు చెక్కుచెదరకుండా ఉండాలని అలా ఒక ఆనవాయితీ పెట్టుకున్నారు. సూదికి ఒక చీటీ గుచ్చుతారు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా దొరికిందో ఆ చీటీలో లేకపోతే, ఎంత అందమైన పురుగైనా శాస్త్రానికి పనికిరాదు.

ఆ రాత్రి అమ్మ పడుకున్నాక లైటు ఆపేశాను. దుప్పటి దులిపి అన్నింటినీ పోనిచ్చి, గోధుమ రంగువి మూడింటిని మాత్రం చిన్న సీసాలో స్పిరిట్ పోసి ఉంచాను. చీటీ మీద పెన్సిల్‌తో రాశాను, స్పిరిట్‌లో ఇంకు కరుగుతుంది కాబట్టి: రాజేంద్రనగర్, హైదరాబాద్. మూడో అంతస్తు బాల్కనీ, పక్కన వేప చెట్టు. తొలివాన పడిన రాత్రి, 8.20. లైటుకు వచ్చినవి.